గుండు సులువే, అడగడమే కష్టం
(న్యూజెర్సీలో తెలుగు కుటుంబాల సమావేశంలో ఒక ఫార్మసిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందున్న పెద్దలకీ, వెనకాల నిలబడ్డ వాళ్ళకీ, వంటింట్లో ఇంకా పులిహోర సర్దుతున్న వదినలకీ.

నేను పిల్లల ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఎక్కించే కీమో మందులు కలిపే గదిలో నా పని. వచ్చే శనివారం మన ఊళ్ళో జరగబోయే, పిల్లల క్యాన్సర్ పరిశోధనకి చందాలు పోగుచేసే సెయింట్ బాల్డ్రిక్స్ అనే సంస్థ కార్యక్రమంలో గుండు కొట్టించుకుంటున్నాను. మనవాళ్ళు ఇంకొంతమంది కూడా పేర్లు ఇచ్చారు. అప్పట్నుంచీ ఫోన్లు. "ఎందుకు? గుండుకీ క్యాన్సర్‌కీ ఏం సంబంధం? ఆ డబ్బు ఎవరికి పోతుంది?" అని. అడగాల్సిన ప్రశ్నలే. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా అందరూ కలిసిన చోట చెబుదామని మైకు తీసుకున్నాను.

ముందు ఇది ఎలా మొదలైందో చెప్తాను. టిమ్ కెన్నీ, జాన్ బెండర్, ఎండా మెక్‌డొనెల్ అని రీఇన్సూరెన్సు, అంటే బీమా కంపెనీలకే బీమా చేసే వ్యాపారంలో ఉన్న ముగ్గురు స్నేహితులు. ఐరిష్ వాళ్ళ పెద్ద పండగ సెయింట్ పాట్రిక్స్ డే నాడు, 2000 మార్చి 17న, మాన్‌హాటన్‌లో జిమ్ బ్రేడీస్ అనే పబ్బులో మొదటి గుండ్లు కొట్టించారు. 17 మంది తలలిస్తారు, 17 వేల డాలర్లు వసూలు చేద్దాం అనుకున్నారు. లక్షా నాలుగు వేలు దాటింది. ఆ డబ్బు పిల్లల క్యాన్సర్ పరిశోధనకి ఇచ్చారు. మరుసటి ఏడు ఇంకొన్ని చోట్ల చేశారు, ఆ తర్వాత ఊరూరా పాకింది. కొన్నేళ్ళకి అదొక స్వతంత్ర ఫౌండేషన్ అయింది. 2005 నుంచి లెక్కేస్తే వాళ్ళు పరిశోధనకి ఇచ్చిన గ్రాంట్లు 30 కోట్ల డాలర్లు దాటాయి. అమెరికాలో ప్రభుత్వాన్ని పక్కన పెడితే, పిల్లల క్యాన్సర్ పరిశోధనకి ఇంత గ్రాంట్లిచ్చే సంస్థ ఇంకొకటి లేదు. ఇదంతా ఎక్కువ భాగం మనలాంటి వాళ్ళు ఇరవై, యాభై డాలర్ల చొప్పున ఇచ్చిన డబ్బే.

పద్ధతి చాలా సాదాసీదాగా ఉంటుంది. గుండు కొట్టించుకునే మనిషి ముందుగా పేరు రాయించుకుంటాడు. "నేను ఫలానా రోజున గుండు చేయించుకుంటున్నాను, మీరు ఎంత ఇస్తారు?" అని తెలిసినవాళ్ళని అడుగుతాడు. ఆ రోజు స్కూల్ జిమ్‌లోనో, ఫైర్ స్టేషన్‌లోనో, పబ్బులోనో నాలుగు కుర్చీలు వేస్తారు. ఊళ్ళో సెలూన్ల వాళ్ళు డబ్బు తీసుకోకుండా వచ్చి క్లిప్పర్లు పడతారు. మెడకి నల్లగుడ్డ కడతారు. పొడుగు జుట్టు ఉంటే ముందు చిన్న చిన్న పిలకలుగా రబ్బరు బ్యాండ్లు వేసి కత్తిరించి పక్కన పెడతారు, తర్వాత మెషీను నడిపిస్తారు. నుదుటి మీంచి వెనక్కి మొదటి చాలు పడగానే హాలంతా అరుస్తుంది. పది నిమిషాల్లో అయిపోతుంది.

మనకి గుండు కొత్త కాదు కదా. పుట్టెంట్రుకలు తీయించని ఇల్లు మనలో ఎక్కడుంది? తిరుమల కల్యాణకట్టలో ఆడవాళ్ళు, మగవాళ్ళు, ముసలివాళ్ళు, చంకలో పిల్లలు, ఎవరి టోకెను వాళ్ళు పట్టుకుని వరసగా కూర్చుని తలనీలాలు ఇస్తారు. అక్కడ ఎవ్వరూ ఎవర్నీ వింతగా చూడరు. అయినా నేను ఈ సంగతి చెప్పగానే మా అమ్మ ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మొక్కుంటే చెప్పవే, కొండకెళ్ళి ఇచ్చొద్దాం. పెళ్ళయిన ఆడపిల్లవి, ఇట్లా నలుగురిలో, సంగీతం పెట్టుకుని గుండేంటే?" అంది.

అమ్మ భయం నాకు అర్థమైంది. మనలో ఆడదాని గుండుకి మొక్కు ఒక్కటే అర్థం కాదు. భర్త పోయిన ఆడవాళ్ళని కూర్చోబెట్టి బలవంతంగా గుండు గీయించిన రోజులు మా అమ్మమ్మ కళ్ళతో చూసింది. ఆ మాట ఎత్తకపోయినా అమ్మ మనసులో ఉన్నది అదే. అందుకే ఇక్కడ కూర్చున్న ఆడవాళ్ళకి చెప్తున్నాను. మీకు ఇష్టం లేకపోతే మీరు తల ఇవ్వక్కర్లేదు. మీ ఇంట్లోవాళ్ళని నొప్పించి చేయాల్సిన పని కూడా కాదు. నేను అమ్మకి మా వార్డులో పిల్లల గురించి చెప్పాను. అమ్మాయిలు పన్నెండు, పదమూడేళ్ళ వాళ్ళుంటారు. కీమో మొదలైన రెండు మూడు వారాలకి పొద్దున లేచేసరికి దిండు మీద జుట్టు. దువ్వెన పెడితే పాయలు పాయలుగా ఊడొస్తుంది. చాలామంది తల్లులు ఆ రోజు రాకముందే జుట్టు పొట్టిగా కత్తిరించేస్తారు, ఊడినప్పుడు కాస్త తక్కువ కనపడుతుందని. వాళ్ళని ఎవ్వరూ ఇష్టమా అని అడగలేదమ్మా అన్నాను. అప్పుడు అమ్మ, "సరే, మరి చెవులకి చలి తగలకుండా టోపీ పెట్టుకో" అంది.

జుట్టు ఎందుకు ఊడుతుందో ఒక్క ముక్కలో చెప్పి ముందుకెళ్తాను. కీమో మందుల్లో చాలావాటికి ఏది క్యాన్సర్ కణమో, ఏది మంచి కణమో తెలియదు. గబగబా రెట్టింపయ్యే కణం ఏది కనిపించినా కొడతాయి. జుట్టు కుదుళ్ళలో కణాలు కూడా అలాంటివే. కానీ మందులు ఆపాక కొన్ని నెలల్లో జుట్టు మళ్ళీ వస్తుంది. ఈ మందులు తీసుకునేవాటిలో కొన్ని మాత్రం తిరిగి రావు, ఆ మాటకి తర్వాత వస్తాను.

ఇప్పుడు అసలు విషయం. మన తెలుగువాళ్ళు ఇవ్వడంలో వెనకాడరు, అది నేను కళ్ళారా చూశాను. ఎవరో పాపకి ఆపరేషన్ అని వాట్సాప్‌లో ఫోటో వస్తే రెండు రోజుల్లో డబ్బు పోగవుతుంది. యాక్సిడెంట్లో విద్యార్థి పోతే ఇంటికి పంపడానికి ఒక్క రాత్రిలో ఏర్పాట్లు చేస్తాం. కానీ "పరిశోధనకి ఇవ్వండి" అంటే మాత్రం చేయి ఆగిపోతుంది. "ఆ డబ్బుతో ఏ పిల్ల బతుకుతుందో చూపించు, ఇప్పుడే ఇస్తాను" అని ఒక అన్నయ్య నాతోనే అన్నాడు. ఆయన మంచిమనిషి. నిజాయితీగా అడిగాడు. ఆయనకి నేను చెప్పింది మీ అందరికీ చెప్తాను, ఎందుకంటే ఈ కథలో మనవాడు ఒకడున్నాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివారు, మద్రాసులో వైద్యం చదివారు. అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, రక్తం తగ్గిపోయే జబ్బు అది. 1923లో బోస్టన్ వచ్చి, హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్ళారు. ఆ లెడర్లీ ఎక్కడో కాదు, పెర్ల్ రివర్‌లో, మన న్యూజెర్సీ సరిహద్దుని ఆనుకుని. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్‌ని తయారుచేసింది. తమ్ముణ్ణీ అన్ననీ తీసుకుపోయిన జబ్బుకి పనికొచ్చే విటమిన్ అది.

అదే సమయంలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సర్ పిల్లల్ని చూస్తున్నాడు. ఫోలిక్ ఆసిడ్ జాతి పదార్థాలు ఇస్తే జబ్బు ముదురుతున్నట్టు గమనించాడు. అంటే క్యాన్సర్ కణం పెరగడానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి. మరి దానిలాగే ఉండి పనిచేయని నకిలీ ఇస్తే? అలాంటి పదార్థాలని పంపింది సుబ్బారావు గారి బృందమే. తలుపుకి తప్పు తాళంచెవి పెట్టి విరగ్గొట్టినట్టు, ఆ నకిలీ లోపలికెళ్ళి ఇరుక్కుంటుంది, అసలుది ఇక వెళ్ళలేదు. దాని పేరు అమినోప్టెరిన్. 1947 డిసెంబరు చివర్లో ఇవ్వడం మొదలుపెట్టారు. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చువేశాడు. 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది.

జాగ్రత్తగా వినండి. తగ్గింది అన్నాను, నయమైంది అనలేదు. కొన్ని వారాలు, కొన్ని నెలలు. మంచం దిగనివాళ్ళు దిగి ఆడుకున్నారు, తర్వాత జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు నిద్రలోనే పోయారు, 53 ఏళ్ళకి. ఆయన బతికుండగా ఆ మందుతో పూర్తిగా నయమైన రక్త క్యాన్సర్ పిల్లని ఆయన చూడలేదు.

ఆ రోజు మన అన్నయ్య బోస్టన్‌లో ఉండి, "ఏ పిల్ల బతికింది చూపించు" అని అడిగితే ఫార్బర్ దగ్గర జవాబు లేదు. 1948లో ఆ పనికి ఇచ్చిన ప్రతి డాలరూ, ఆ లెక్కన చూస్తే, దండగే. కానీ ఇచ్చారు. ఆ ఏడాది మే నెలలో ఒక రేడియో కార్యక్రమంలో, ఆసుపత్రి మంచం మీదున్న ఒక కుర్రాడు బేస్‌బాల్ ఆటగాళ్ళతో మాట్లాడటం దేశమంతా విన్నది. అసలు పేరు చెప్పకుండా జిమ్మీ అన్నారు. వాడి గదికి టీవీ కొనివ్వడానికి 20 వేల డాలర్లు పంపమని అడిగితే, రెండు లక్షల ముప్ఫై వేలకి పైగా వచ్చాయి. జిమ్మీ ఫండ్ అలా పుట్టింది. జనాన్ని నేరుగా అడగొచ్చు, అడిగితే ఇస్తారు అని పిల్లల క్యాన్సర్ వైద్యం నేర్చుకున్నది అప్పుడే. పెద్దయ్యాక ఆ జిమ్మీ ఎవరో లోకానికి తెలిసింది. బతికాడు, ముసలివాడయ్యాడు.

అమినోప్టెరిన్‌కి చెల్లెలు లాంటి మందు మెథోట్రెక్సేట్, అదీ లెడర్లీదే. ఒక్క మందుతో కాదని, నాలుగైదు కలిపి, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి కూడా ఇచ్చి, రెండు మూడేళ్ళు ఆపకుండా ఇస్తే ఏమవుతుందో మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆసుపత్రిలో 1960లలో డోనాల్డ్ పింకెల్ చూశాడు. ఆ దశాబ్దం చివరికి సగం మంది పిల్లలు బతకడం మొదలైంది. ఇవాళ ఈ దేశంలో పిల్లలకి ఎక్కువగా వచ్చే ఆ రక్త క్యాన్సర్‌లో, ఏఎల్ఎల్ అంటాం, పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతుకుతున్నారు. నేను పొద్దున డ్యూటీకెళ్ళి గ్లవుజులు రెండు జతలు వేసుకుని, గాజు తలుపు వెనకాల చేతులు పెట్టి సిరంజీలోకి తీసే మెథోట్రెక్సేట్ నిమ్మపండు పసుపు రంగులో ఉంటుంది. మా తెలుగాయన మందు అని ప్రతిసారీ అనుకుంటాను. మా గదిలోనే కలిపే ఇంకో కీమో మందు విన్‌క్రిస్టిన్ మన పెరటి బిళ్ళగన్నేరు మొక్కలోంచి వచ్చింది. ఎక్కువ మోతాదు మెథోట్రెక్సేట్ ఇచ్చిన మర్నాడు నుంచి ఆరేసి గంటలకి ఒకసారి, ఫోలిక్ ఆసిడ్‌కి దగ్గరి చుట్టం లాంటి ఫోలినిక్ ఆసిడ్ పంపిస్తాం. ముందు ఫోలిక్ ఆసిడ్ దారి మూసి, తర్వాత మంచి కణాల కోసం మళ్ళీ తెరవడం. ఎంతసేపు మూయాలి, ఎప్పుడు తెరవాలి అన్నది ఎవరికీ కల్లో కనపడలేదు. ఒక్కో గుంపు పిల్లల మీద ఓపిగ్గా, ట్రయల్ తర్వాత ట్రయల్ చేసి తెలుసుకున్నారు. పరిశోధన అంటే అది. ఎక్కువ భాగం అది.

"మరి పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతుంటే ఇంకా దేనికి?" అని అడగొచ్చు. పిల్లల క్యాన్సర్ ఒక జబ్బు కాదు. మెదడు కాండంలో వచ్చే డీఐపీజీ అనే గడ్డ ఉంది. చంద్రుడి మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూతురు, రెండేళ్ళ పిల్ల, 1962లో దానితోనే పోయింది. అప్పట్నుంచి ఇప్పటికి దాదాపు ఏమీ మారలేదు. ఇప్పటికీ ఆ పేరు వింటే మా గదిలో అందరం మాట్లాడటం మానేస్తాం.

ఇంకో సంగతి, ఇందాక ఆపిన మాట. జుట్టు తిరిగొస్తుంది. చెవులు రావు. సిస్‌ప్లాటిన్ అనే మందు కొన్ని గడ్డలకి తప్పనిసరి. అది లోపలి చెవిని దెబ్బతీస్తుంది. మాటలు నేర్చుకునే వయసులో పిల్లకి హియరింగ్ ఎయిడ్ పెట్టాల్సి రావచ్చు. ఎర్రగా ఉండే డాక్సోరూబిసిన్ ఎక్కువైతే ముప్ఫై ఏళ్ళకి గుండె బలహీనపడొచ్చు. బతికించాం సరే, ఎలా బతికించాం? దీని మీద చేసిన పని చెప్తాను. సోడియం థయోసల్ఫేట్ అనే పాత ఉప్పు. సిస్‌ప్లాటిన్ పూర్తయిన ఆరు గంటల తర్వాత ఎక్కిస్తే చెవుల్ని కాపాడుతుందేమో అని పిల్లల ఆసుపత్రులు కలిసి ట్రయల్ చేశాయి. ఇవ్వని పిల్లల్లో 56 శాతం మందికి వినికిడి దెబ్బతింటే, ఇచ్చిన వాళ్ళలో 29 శాతానికి తగ్గింది. జబ్బు పాకని గడ్డలున్న పిల్లలకి 2022లో అమెరికా అనుమతిచ్చింది. ఆ ఆరు గంటలు తప్పకూడదు, అందుకని రాత్రి డ్యూటీలో ఉన్న మేము గడియారం చూస్తూ ఉంటాం. చూడటానికి చిన్న పని. కానీ దానివల్ల ఒక పిల్ల వాళ్ళ నాన్న పిలిస్తే వెనక్కి తిరిగి చూస్తుంది.

ఇవన్నీ కంపెనీలే చేసుకోవచ్చు కదా అంటారు. చేయవు, చేసినా ఆలస్యంగా చేస్తాయి. ఈ దేశంలో ఏటా పెద్దలతో కలిపి 20 లక్షల మందికి క్యాన్సర్ అని తేలుతుంటే, ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు సుమారు 15 వేలు. వాళ్ళని మళ్ళీ డజన్ల రకాలుగా విడదీస్తే ఒక్కో జబ్బుకి కొన్ని వందల మందే మిగులుతారు. మార్కెట్ లేదు. కాబట్టి యూనివర్సిటీలో కూర్చుని, పదేళ్ళు ఫలితం లేకపోయినా పట్టు వదలని డాక్టర్లు కావాలి. వాళ్ళ జీతం ఎవరివ్వాలి? సెయింట్ బాల్డ్రిక్స్ డబ్బు అలాంటి యువ డాక్టర్లకీ, ఆసుపత్రుల్లో ట్రయల్స్ నడిపే సిబ్బందికీ వెళ్తుంది. చిన్నపిల్లల నరాల కణాల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌కి 2015లో అనుమతి వచ్చిన డైనుటుక్సిమాబ్ అనే మందు వెనక పనికి కూడా వాళ్ళ సాయం ఉంది.

మన దేశం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతుంటే, పేద, మధ్యస్థాయి దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కూడా కావడం లేదు. మందు లేక మాత్రమే కాదు. జ్వరం అనుకుని నెలలు గడిచిపోవడం, ఊరు దూరమై, కూలి పోయి, మధ్యలో చికిత్స మానేయడం. "అయితే డబ్బు హైదరాబాద్‌కే పంపుతాం" అంటే చాలా సంతోషం, పంపండి. అక్కడి ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో పిల్లల వార్డు ఉంది, ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కంట్లో వచ్చే క్యాన్సర్‌కి వైద్యం చేస్తుంది. కానీ అక్కడ పిల్లకి ఇవాళ ఎక్కించేది కూడా బోస్టన్‌లో, మెంఫిస్‌లో ఎవరో ఇచ్చిన డబ్బుతో నేర్చుకున్న పద్ధతినే. దానికీ దీనికీ పోటీ పెట్టకండి. ఫ్లాష్ ఫోటోలో చంటిపిల్లాడి కంటిపాప తెల్లగా మెరిస్తే మాత్రం, ఇక్కడైనా అక్కడైనా, వారం ఆగకుండా కంటి డాక్టరుకి చూపించండి.

ఇక శనివారం. తల ఇవ్వడం సులువు. కళ్ళు మూసుకుంటే పది నిమిషాలు. అడగడం మాత్రం మనకి నోట్లోంచి రాదు. అడిగితే చులకనైపోతామని, వాళ్ళు లేదంటే ముఖాలు చూసుకోలేమని. కొండ మీద మొక్కు చెల్లించేటప్పుడు దేవుడికీ నీకూ మధ్య ఎవరూ లేరు. ఇక్కడ గుండు ఉన్నదే అడగడానికి. ఎవర్నీ అడక్కుండా గుండు కొట్టించుకుంటే పరిశోధనకి పైసా వెళ్ళదు, మీకు చలేస్తుంది అంతే. కాబట్టి ఫార్వర్డ్ మెసేజి పంపకండి, ఎవరూ చదవరు. మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయండి. ఎంత అడుగుతున్నారో రాయండి, మొహమాటపడి వదిలేయకండి. మీ ఆఫీసులో మ్యాచింగ్ ఉందేమో హెచ్ఆర్‌ని అడగండి. మీరు వంద ఇస్తే కంపెనీ ఇంకో వంద ఇస్తుంది, మనవాళ్ళలో సగం మంది ఆ ఫారం నింపరు. ఇంకొకటి, తెలిసిన ఇంట్లో జబ్బుపడ్డ పిల్ల ఉంటే, ఆ పిల్ల పేరు మీద చేస్తున్నామని ముందుగా తల్లిదండ్రుల్ని, పిల్ల పెద్దదైతే పిల్లనే అడగండి. కొంతమందికి ధైర్యం వస్తుంది. కొంతమందికి తమ జబ్బు నలుగురి నోళ్ళలో పడటం ఇష్టం ఉండదు. వద్దంటే వద్దు.

ప్రశ్నలుంటే అడగండి.

(గుండు లేకుండా ఊరికే డబ్బు ఇవ్వొచ్చా అని ఒకరు అడిగారు.)

తప్పకుండా. చెక్కు రాసినా తీసుకుంటారు. కుర్చీలు సర్దడానికి, జుట్టు ఊడ్వడానికి మనుషులు కూడా కావాలి.

(తన కొడుక్కి తొమ్మిదేళ్ళని, వాడూ గుండు కొట్టించుకుంటానంటున్నాడని, చిన్నపిల్లాడితో డబ్బు అడిగించడం బాగుంటుందా అని ఒక తల్లి అడిగారు.)

వాడు ఎందుకు చేస్తానంటున్నాడో ముందు వాణ్ణే అడగండి వదినా. స్నేహితులు చేస్తున్నారని అయితే సోమవారం స్కూల్లో ఎవరైనా నవ్వితే ఏడుస్తాడేమో, అది మాట్లాడుకోండి. అన్నీ తెలిసి చేస్తానంటే చేయనివ్వండి. అడగడం మాత్రం మీరు వాడి తరఫున చేయకండి. తాతగారికి వాడే ఫోన్ చేయాలి. పక్కింటి తలుపు వాడే కొట్టాలి, మీరు మెట్ల కింద నిలబడండి. "పిల్లలకి మందు కనిపెట్టడానికి" అని చెప్తే చాలు. పేర్లు రాసుకునే కాగితం ఇక్కడ తలుపు పక్కన బల్ల మీద ఉంది, పెన్ను కట్టే ఉంది.